తలకిందులయ్యే ముందు రాసిన వీలునామా

విస్కాన్సిన్ రాష్ట్రం, ఆల్డర్ కౌంటీ, టర్టిల్ ఫోర్క్ పట్టణంలో ఉంటున్న మార్గిట్ టోలెఫ్‌సన్ అనే నేను, యాభై ఆరేళ్ల వయసులో, బుద్ధి నా స్వాధీనంలో ఉండగానే, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. బుద్ధి స్వాధీనంలో ఉందన్న మాట మీద మా లాయరు హార్లన్ బ్రెకెకు అనుమానాలున్నాయి. "మార్గీ, ఆ ముక్కా, గ్యారేజీలో కట్టిన విమానాన్ని తిరగేసే ముక్కా ఒకే పేజీలో పెట్టకు. జడ్జి నవ్వితే నాకు నామోషీ," అన్నాడు. కాగితం వృథా చెయ్యడం నా సిద్ధాంతాలకు విరుద్ధం. కాబట్టి రెండూ ఇక్కడే రాస్తున్నాను.

ఈ ఉదయం పొగమంచు విడిపోగానే, నేను కట్టిన రెండు సీట్ల విమానంలో ఒంటరిగా పైకెళ్లి దాన్ని మొదటిసారి తలకిందులు చెయ్యబోతున్నాను. ఇప్పటిదాకా దాన్ని ఎవరూ తిప్పలేదు. ఇంట్లో కట్టిన విమానానికి చట్టం ఒక పరీక్షా కాలం పెట్టింది. ఆ కాలంలో, జనం లేని పొలాల మీద, ఏ పల్టీ అయినా ముందు ఒంటరిగా వేసి చూసి, వేశానని దాని పుస్తకంలో రాసుకోవాలి. రాయని పల్టీ ఆ విమానానికి నిషిద్ధం. అంటే, ఎవరో ఒకరు మొదట చచ్చే ప్రమాదం తలకెత్తుకోవాలి. ఆ ఎవరో ఒకరు జీవితమంతా కుర్చీలో కూర్చుని ఇతరుల మీద వ్యాసాలు రాసిన మనిషి కావడం ఈ దేశపు విమానయానానికి మంచిది కాకపోవచ్చు. కానీ దాని రేకుల్ని కలిపి పట్టే రివెట్లు కొట్టింది నేనే. వేరేవాళ్లని పంపలేను.

ఒకటి. ఇంతకుముందు రాసిన వీలునామాలు ఇందుమూలంగా రద్దు. మొదటిదాంట్లో సర్వస్వం నా భర్త రోలండ్‌కు రాశాను. అతనిప్పుడు నా భర్త కాడు. రెండోదాంట్లో సర్వస్వం విప్లవానికి రాశాను. అది ఏ ఊళ్లో ఉంటుందో రాయలేదని హార్లన్ తిప్పి పంపాడు. రోలండ్‌కు ఇప్పుడు ఒక్క వస్తువు ఇస్తున్నాను. పక్క సీట్లో కూర్చునేవాళ్లకి కనపడేలా విమానంలో ఒక హెచ్చరిక రేకు బిగించాలని రూలు: "ఇది మామూలు విమానాలకు వర్తించే భద్రతా నిబంధనల ప్రకారం తయారైనది కాదు." దాని నకలు ఒకటి నా బల్ల సొరుగులో ఉంది. అతనికి పంపండి. మా పెళ్లిరోజే నా మెడలో వేలాడదీసుంటే ఇద్దరికీ బోలెడు కాలం కలిసొచ్చేది.

రెండు. ఇల్లు, గ్యారేజీ, అందులోని పనిముట్లు మా అన్న కూతురు సిగ్నెకు చెందుతాయి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. సిగ్నె నర్సు. రక్తం చూసి భయపడదు గానీ నా కారెక్కాలంటే భయపడుతుంది. "అత్తా, ఈ వయసులో కుట్లూ అల్లికలూ నేర్చుకోవచ్చుగా?" అని అడిగింది. రెక్క మీద రేకు కుట్టడమూ కుట్టే కదా అన్నాను. "స్వెటర్ కుట్టు ఊడితే ఎవరూ కింద పడి చావరు," అంది. వాదనలో నన్ను ఓడించేవాళ్లు అరుదు కనుక ఇల్లు ఆమెకే.

దీనితోపాటు ఆమెకు నా చొక్కా ముక్క. మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినవాళ్ల చొక్కా వీపు భాగం కత్తిరించి గోడకి కొట్టడం ఇక్కడి ఆచారం. ఆ రోజు నేను "అందరికీ వైద్యం" అని వీపు మీద రెండు వరసల్లో అచ్చేసిన చొక్కా వేసుకెళ్లాను. కత్తెర మధ్యలోంచి పోయింది. "వైద్యం" గోడకెక్కింది. "అందరికీ" అన్న మాట వీపున వేసుకుని నేను సాయంత్రం దాకా ఊళ్లో తిరిగాను. ఏది అందరికీ అని ఒక్కరూ అడగలేదు. మన రాజకీయాల మీద నేను రాసిన వాటన్నిటికంటే ఆ కత్తెర బాగా రాసింది.

మూడు. వారపత్రికలో నేను రాసిన వ్యాసాలు పెట్టెల్లో ఉన్నాయి. గ్రంథాలయం తీసుకోనంటుంది, నేను అడిగి చూశాను. పాత కాగితాల బండికి వెయ్యండి. వేసేముందు చమురు కంపెనీల మీద రాసిన వరసలో చివరి వ్యాసం ఒకటి తీసి, నా విమానం ట్యాంకు మూత పక్కన పెట్టి చూడండి. భూమి ఉడికిపోతోందని రాసిన చెయ్యీ, ఎక్కడికీ పోకుండా, బయల్దేరిన చోటికే, తలకిందులుగా తిరిగి రావడానికి పెట్రోలు పోసే చెయ్యీ ఒకటే. దీన్ని సమర్థించుకుంటూ ఒక వ్యాసం మొదలుపెట్టాను. చదివితే నాకే నచ్చలేదు.

అయినా ఒక్క మాటా వెనక్కి తీసుకోను. విమానాలు డబ్బున్నవాళ్ల ఆటబొమ్మలనీ, నాలాంటివాళ్లు అక్కడ ఏం చేస్తున్నారనీ అడిగేవాళ్లకి: ఈ రన్‌వే జనం పన్నులతో వేసింది. అందులో నా పన్నూ ఉంది. శనివారం పొద్దున హ్యాంగర్లో, అంటే విమానాల షెడ్డులో, పాన్‌కేకులు తింటూ, ప్రభుత్వం దేనికీ పనికిరాదని చెప్పి, ప్రభుత్వం వేసిన తారు మీద ప్రభుత్వం చెప్పిన వాతావరణం విని ఎగిరిపోయే పెద్దమనుషులందరికీ ఈ క్లాజు ద్వారా నా అసమ్మతి రాసిస్తున్నాను. సమానంగా పంచుకోండి.

నాలుగు. బెవ్ కొవాల్‌చిక్‌కు ఏమీ ఇవ్వడం లేదు. ఆమె మీద ప్రేమ లేక కాదు. ఆమె సాక్షి సంతకం పెట్టాలి. సాక్షి సంతకం పెట్టిన మనిషికి అదే వీలునామాలో రాసిన ఆస్తి చెల్లదని హార్లన్ రూలు చెప్పాడు. ఆ మాట ఆమెకి చెబితే, "అంటే నువ్వు పాడుచేసిన సీటు గుడ్డ కూడా రాదా?" అంది.

నాకు పల్టీలు నేర్పింది బెవ్. గుడ్డ తొడిగిన పాత విమానంలో, ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టి, వెనక సీట్లోంచి తిడుతూ నేర్పింది. ఎక్కేముందు జేబుల్లో ఉన్నవన్నీ కాఫీ డబ్బాలో వేయించుకుంటుంది. నేను పెన్నులు వేశాను, తాళాలు వేశాను, చిల్లర వేశాను. చొక్కా జేబులో జున్ను ముక్కల పొట్లం ఉందని చెప్పలేదు. ఆకలేస్తే తిందామనుకున్నాను. నిజాయితీ మీద ఏటా ఒక వ్యాసం రాసేదాన్ని! విమానం తిరగబడగానే ఆ ముక్కలు ఒక్కొక్కటే పొట్లంలోంచి లేచి, నా ముక్కు ముందు కాసేపు నిలబడి, పైనున్న అద్దానికి వెళ్లి అంటుకున్నాయి. వెనకనుంచి బెవ్, "మార్గిట్, అవి నీవేనా? లేక నక్షత్రాలా?" అంది. తర్వాత కడుపులో ఉన్నది కూడా బయటికొచ్చింది.

విమానాన్ని పక్కకి పొర్లించడం ఎడమవైపుకి సులువు. ఇంజన్ తిరిగే తీరు అలాంటిది. ఎడమవైపు వెళ్లడానికి ఈ కౌంటీలో నాకు సాయం చేసిన మొదటి శక్తి ఆ ఇంజనే. నిలువు పల్టీ మాత్రం నాకు రాలేదు. నిట్టనిలువుగా లేచి పైకి చేరాక, నేల నెత్తి మీదికి వచ్చాక, విమానం నడిపే కర్ర ఎంత లాగాలో తెలియక పట్టీలకి వేలాడుతూ ఉండిపోయేదాన్ని. ఎందుకు ఉండిపోయానో బెవ్‌కు వివరించేదాన్ని కూడా. "లాగు!" అని అరిచేది. నేను కారణాలు చెప్పేదాన్ని. "వాదించకు, లాగు! ఇక్కడ నీ వ్యాసం చదివేవాళ్లు లేరు!" అనేది. చివరికొక రోజు వాదించకుండా లాగాను. అద్దంలోంచి దిగంతం మళ్లీ తన చోటికి వచ్చి నిలబడింది. అంత ఆనందం నాకు ఏ ఎన్నికలూ ఇవ్వలేదు. మేం గెలిచినవి కూడా.

ఐదు. ఇక డ్వేన్ రీనికె.

డ్వేన్ నాకు శత్రువు అని ఊళ్లో అందరికీ తెలుసు. ఓటు విషయంలో, పన్నుల విషయంలో, చేపల వేపుడులోకి ఏ బంగాళాదుంప బాగుంటుందన్న విషయంలో ఇద్దరికీ పడదు. కానీ అసలు తగాదా వాటి మీద కాదు. డ్వేన్ తమ్ముడు లీలండ్ కాగితపు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడింది, దాంతో ఆరోగ్య బీమా పోయింది. కడుపునొప్పి ఒక శీతాకాలమంతా ఓర్చుకున్నాడు, డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ బిల్లులకి ఇల్లు పోతుందని. ఇల్లు మిగిలింది. లీలండ్ పోయాడు. నేను వ్యాసం రాశాను, పేరు పెట్టి. అందులో ఒక్క అక్షరం తప్పు లేదని ఇప్పటికీ అంటాను. ఒక మనిషిని జబ్బుకీ ఇంటికీ మధ్య ఎంచుకోమనే వ్యవస్థని వ్యవస్థ అనకూడదు, దోపిడీ అనాలి. ఇది నా చావు తర్వాత కూడా నిజమే. డ్వేన్ పత్రికాఫీసుకి వచ్చి, టోపీ తియ్యకుండా, "మా తమ్ముడి చావు నీకు మంచి పేరాకి పనికొచ్చింది కామ్రేడ్," అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం నేను పాన్‌కేకుల వరసలో నిలబడితే అతను గుడ్ల వరసలోకి మారేవాడు.

లీలండ్ కూడా ఒక విమానం కట్టాడు. దానికి రివెట్లు కొట్టేటప్పుడు లోపల ఉక్కు దిమ్మ పట్టింది డ్వేనే. లీలండ్ పోయాక లాయరొకడు (హార్లన్ కాదు) సలహా ఇచ్చాడు: ఇంట్లో కట్టినదాన్ని అమ్మితే, రేపు కొన్నవాడు కూలిపోతే, వాడి తరఫువాళ్లు లీలండ్ భార్య మీద కేసు వేస్తారు, కాబట్టి ముక్కలు చేసెయ్యండి. ఇలాంటి సలహా కొత్తేమీ కాదు, ఈ దేశంలో మంచి విమానాలు ఎన్నో ఇలాగే పోతాయి. హ్యాంగర్ వెనక గడ్డిలో, ఇనప రంపంతో, డ్వేన్ ఒక్కడే దాన్ని కోశాడు. రంపం హ్యాంగర్ గోడకి తగిలించాడు. తర్వాత అతను ఎగరలేదు. లైసెన్సు ఉంది. కోరిక లేదంటాడు.

నేను విమానం కట్టడం మొదలుపెట్టినప్పుడు మా వామపక్ష సంఘం మిత్రులు గుంపుగా వచ్చారు. విమానం విడిభాగాలొచ్చిన పెట్టె ముందు నిలబడి ఫొటోలు దిగారు, ఒక కమిటీ వేశారు. రెండో వారానికి కమిటీ మాత్రమే మిగిలింది. రివెట్ కొట్టడం ఇద్దరి పని. బయట ఒకరు తుపాకిలాంటి సుత్తి పట్టుకుని కొట్టాలి, లోపల ఒకరు ఉక్కు దిమ్మ ఆనించి పట్టుకోవాలి. దిమ్మ కదిలితే రేకు చెడుతుంది. తోక గొట్టం మూసే రోజు నాకు మనిషి లేడు. గ్యారేజీ తలుపు దగ్గర డ్వేన్ నిలబడి ఉన్నాడు. "ఏం కామ్రేడ్, జనసమూహం ఎక్కడ?" అన్నాడు. నా జవాబు కోసం ఆగకుండా దిమ్మ తీసుకుని, వెల్లకిలా పడుకుని, ఆ గొట్టంలోకి జరిగి మాయమైపోయాడు.

చెవులకు మూతలు, మధ్యలో రేకు. ఒకరికొకరు కనపడరు, వినపడరు. అందుకని లోపలివాడు రేకు మీద దిమ్మతో తడతాడు. ఒక తట్టు: బాగుంది, ముందుకెళ్లు. రెండు: చాలలేదు, ఇంకోసారి కొట్టు. మూడు: చెడిపోయింది, తొలిచి తీసెయ్. మూడు తట్టులు వచ్చినప్పుడల్లా తప్పు నాదే, ఒప్పుకోవడానికి కాస్త సమయం పట్టేది. రివెట్‌కీ రివెట్‌కీ మధ్య మూత ఎత్తి పన్నుల గురించి తిట్టుకునేవాళ్లం. మళ్లీ మూత దించి పని. నా జీవితంలో నేను ఒక మనిషి మాటకి ఎదురు చెప్పకుండా పనిచేసిన కాలం అదొక్కటే. అతను మాట్లాడకపోవడం వల్ల సాధ్యమైంది.

విమానం పూర్తయ్యాక తోక మీద ఒక ఉక్కు రేకు బిగించాలి. కట్టినవారి పేరు: ఎం. టోలెఫ్‌సన్. కట్టింది నేనేనని ప్రభుత్వం ఇచ్చిన కాగితంలోనూ అదే పేరు. ఫారంలో ఒక్క గడే ఉంది, నేను నింపేశాను. శ్రమ చేసినవాడి పేరు సరుకు మీద ఉండదని, అదే దోపిడీకి పునాదని, చాలాసార్లు రాశాను, మైకు పట్టుకుని కూడా అరిచాను. ఇంత స్పష్టంగా రాసే మనిషికి తన తోక మీద ఉన్న రేకు కనపడలేదు! డ్వేన్ దాన్ని చదివి, "అక్షరాలు నిటారుగా వచ్చాయి," అన్నాడు, అంతే.

కాబట్టి ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను: ఈ విమానం ఇద్దరు కట్టారు. సిగ్నె పాత రేకు తీసేసి, "రీనికె, టోలెఫ్‌సన్" అని కొత్తది చెక్కించాలి. అతని పేరు ముందు ఉండాలి. ఇంగ్లీషు అక్షరక్రమం అతనికి అనుకూలం, నా ఉదారత ఏమీ లేదు.

ఆరు. డ్వేన్‌కు ముక్కు మొద్దుబారిన వడ్రంగి పెన్సిళ్లు నమిలే అలవాటు. తోక గొట్టంలో పనిచేసేటప్పుడు ఒకటి పోయింది. "నా సొత్తు ప్రభుత్వం జాతీయం చేసింది," అని కొన్నాళ్లు హాస్యం ఆడాడు. తర్వాత ఆడటం మానేశాడు. ఎందుకంటే గొట్టం వెనక తోక రెక్కను కదిపే కడ్డీ ఉంది. దాని కీలులో పెన్సిల్ ముక్క ఇరుక్కుంటే, తలకిందులుగా ఉన్న మనిషి మళ్లీ సరిగ్గా కాలేదు. విమానాన్ని కొయ్య స్టాండ్ల మీద తిరగేసి కుదిపాం. రివెట్ తోకలు రాలాయి, నా కళ్లజోడు రాలింది, ఎలా వెళ్లిందో ఒక ఉప్పు జంతిక రాలింది. పెన్సిల్ రాలలేదు. దీపం, అద్దం పెట్టి చూశాం. కీలు శుభ్రంగా ఉంది. డ్వేన్ నిన్న కూడా మళ్లీ చూశాడు, భోజనానికి ముందొకసారి, తర్వాతొకసారి.

పెన్సిల్ ఎప్పుడైనా దొరికితే అది డ్వేన్ సొత్తు. దొరకకూడని చోట దొరికితే, ఇది చట్టబద్ధమైన పత్రం కనుక చట్టబద్ధంగా చెబుతున్నాను: తప్పు అతనిది కాదు. చూశాను, తెలిసే ఎక్కాను. ఈ క్లాజుని అతనికి ఒకసారి పైకి చదివి వినిపించాలి. అతను చెవుల మూత దించుకుంటే ఎత్తి వినిపించాలి.

ఏడు. ఇక విమానం.

హార్లన్ ఈ క్లాజు తనే రాసి తెచ్చాడు: నా మరణానంతరం విమానం మిగిలి ఉంటే దాన్ని విడగొట్టి తుక్కు చెయ్యాలని. "సిగ్నె మీద కేసు పడితే ఇల్లు పోతుంది మార్గీ. రెక్కలు కోయించెయ్. నీకు తెలియదా?" అన్నాడు. తెలుసు. ఇల్లు మిగలడానికి ఇంకేదో పోగొట్టుకోమనే సలహా ఈ ఊళ్లో నాకు బాగా తెలుసు. ఆ క్లాజు కొట్టేశాను.

విమానాన్ని డ్వేన్ రీనికెకు ఇస్తున్నాను. బహుమతిగా కాదు, సగం అతనిదే, రెండో సగం దానికి అంటుకుని ఉంది, విడదియ్యాలంటే రంపం కావాలి. షరతు ఒక్కటే: ఎగరాలి. ఎడమవైపు పొర్లనక్కర్లేదు, కుడివైపు పొర్లినా అభ్యంతరం పెట్టను. వద్దనే హక్కు అతనికి ఉంది. వద్దంటే హార్లన్ రాసిన క్లాజే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది, రంపం అతని గోడ మీదే ఉంది. ఇది బెదిరింపు అని హార్లన్ అన్నాడు. అవును, బెదిరింపే. జీవితమంతా చేసిన పని చివరి రోజున మానేస్తానా?

డ్వేన్‌కు ఈ సంగతి ఇంకా తెలియదు. రెండో సాక్షిగా సంతకం పెట్టడానికి తనే ఒప్పుకున్నాడు. "నీ చావు కాగితం మీద నా పేరా? పెన్ను నేనే తెస్తా," అన్నాడు.

ఎనిమిది. అంత్యక్రియల్లో ప్రసంగాలు వద్దు. నేను చెయ్యలేని చోట ఇతరులు ప్రసంగించడం నాకు ఇష్టం లేదు. ఈ ఊరి ఆచారం ప్రకారం శుక్రవారం చేపల వేపుడు పెట్టండి, బ్రాందీ పొయ్యండి. కౌంటీ బోర్డు అధ్యక్షుడు వస్తే తిండి పెట్టి, బిల్లు కూడా ఇవ్వండి.

ఇక్కణ్నుంచి టైపు చేసింది కాదు. సంతకానికి ముందు, చేత్తో రాస్తున్నాను.

హ్యాంగర్లో రెక్క పక్కన బల్ల వేసుకుని, పైనున్నదంతా బెవ్, లోయిస్, డ్వేన్‌ల ఎదుట పైకి చదివాను. లోయిస్ ఫ్లూగర్ పాన్‌కేకులు వేసే ఆమె. సాక్ష్యానికి ఇంకో మనిషి అవసరం పడొచ్చని పెనం దగ్గర్నుంచి పిలిపించాను. డ్వేన్ పెన్ను మూత తీసి పట్టుకుని నిలబడ్డాడు. పెన్సిల్ క్లాజు దగ్గర బూట్ల వంక చూశాడు. ఏడో క్లాజు దగ్గర, "ఇది మోసం కామ్రేడ్," అన్నాడు. నేను కారణాలు చెప్పడం మొదలుపెట్టాను. బెవ్ నా భుజం నొక్కింది. ఆపేశాను.

సంతకం పెడితే విమానం అతనికి చెల్లదు. పెట్టకపోతే చెల్లుతుంది. కాగితం అతని ముందుకి తోశాను. అతను పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. విమానం వెనక్కి నడిచాడు, తోక గొట్టం దాకా. రేకు మీద వేలి కణుపుతో ఒకసారి తట్టాడు.

రెండోది వినపడుతుందేమోనని ముగ్గురం ఆగాం. రాలేదు.

పొగమంచు విడిపోయింది. నా జేబులన్నీ ఖాళీ చేశాను.

టర్టిల్ ఫోర్క్ విమానాశ్రయం, 2019 జూన్ 15, శనివారం.

(సంతకం) మార్గిట్ టోలెఫ్‌సన్

ఈ పత్రం మీద మార్గిట్ మా కళ్లెదుటే సంతకం పెట్టింది. ఆ సమయంలో ఆమె మామూలుగానే, అంటే వాదిస్తూనే ఉంది.

సాక్షులు:
బెవ్ కొవాల్‌చిక్
లోయిస్ ఫ్లూగర్ (మూల మీద మరక మేపుల్ పాకం. క్షమించాలి.)